మాత్రల వేళలు, పాటల వేళలు: అరవై దాటాక రోజు దేనికి సరిపోతుంది?

రిటైరయ్యాక చేతినిండా తీరికే అని ఉద్యోగంలో ఉన్నవాళ్లు అనుకుంటారు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని నిన్న ఎలా గడిచిందో అడిగి చూడండి. పరగడుపున థైరాయిడ్ మాత్ర, అరగంట ఆగి కాఫీ, టిఫినుకు ముందు ఒక షుగరు మాత్ర, తిన్నాక ఇంకొకటి, పదకొండింటికి ల్యాబు నుంచి ఫోను, మధ్యాహ్నం మోకాళ్ల వ్యాయామం, సాయంత్రం నడక. మధ్యలో కాస్త అల్లికో, పాటో, పద్యమో అనుకుంటే పక్క గదిలోంచి "బీపీ చూసుకున్నావా?" అని కేక.

ఇది ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్నదే. ప్రభుత్వ జనాభా అంచనాల ప్రకారం 2021 నాటికి దేశంలో అరవై దాటినవాళ్లు 10.1 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. 2024 అక్టోబరు చివర్లో కేంద్రం డెబ్బై నిండిన అందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ప్రకటించింది. ఇంకోపక్క వాట్సాప్‌లో రెండు రకాల ఫార్వర్డులు తిరుగుతున్నాయి. "రోజూ పాట పాడితే మతిమరుపు రాదు" అని ఒకటి, "ఈ వయసులో ఆరోగ్యం తర్వాతే ఏదైనా" అని ఇంకోటి. ఈ రెంటిలో నిజం ఎంతో, ఎక్కడ ఆగుతుందో చూద్దాం.

వ్యాపకం అంటే దేన్ని లెక్కలోకి తీసుకోవాలి

పరిశోధకులు "సృజనాత్మక వ్యాపకం" అన్నప్పుడు బొమ్మలు వేయడం, వాయిద్యం, కుట్లు అల్లికలు, రాయడం, పాడటం, ఆడటం, తోటపని లాంటివన్నీ ఒక గాటన కడతారు. మన ఇళ్లలో ఈ జాబితాకు చుక్కల ముగ్గు, దండ గుచ్చడం, కోలాటం, మిద్దె తోట, సమస్యాపూరణాల వాట్సాప్ గ్రూపు, ఫోన్లో కరోకే పెట్టుకుని పాత సినిమా పాటలు పాడటం కూడా చేర్చుకోవాలి. సీరియల్ చూడటం వేరు. అందులో కాలక్షేపం ఉంది కానీ మన చేతి నుంచి బయటికి వచ్చేదేమీ లేదు.

ఆవకాయ పెట్టడం వ్యాపకమా, పనా? తప్పక చేయాల్సి వస్తే పని, చేయాలనిపించి చేస్తే వ్యాపకం. ఈ తేడా ఆడవాళ్ల విషయంలో ముఖ్యం. మనవళ్లను బడికి పంపడం, ఇంటిల్లిపాదికీ వంట, ఇవన్నీ "అమ్మమ్మకు కాలక్షేపం" ఖాతాలో పడిపోతుంటాయి. అలా చూస్తే చాలామంది అమ్మమ్మలకు రోజంతా కాలక్షేపమే, వ్యాపకానికి మాత్రం అరగంట దొరకదు.

జబ్బుకు పట్టే టైము: ఒక టీచరమ్మ రోజు

వైద్యంలో "చికిత్సా భారం" అనే మాట ఉంది. జబ్బు వల్ల కలిగే బాధ కాదు, జబ్బును చూసుకోవడానికి పట్టే శ్రమ: మాత్రలు గుర్తుపెట్టుకోవడం, పరీక్షలు, తిండి నియమాలు, ఓపీ చీటీ కోసం క్యూ, రిపోర్టుల ఫైలు సర్దుకోవడం. విక్టర్ మోంటోరి, కార్ల్ మే, ఫ్రాన్సెస్ మెయిర్ అనే ముగ్గురు 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని గురించి రాశారు. వాళ్ల వాదన తేలికగా అర్థమయ్యేదే. వైద్యం మనిషి బతుకులో ఇమడాలి, మోయలేనంత పని ఇచ్చి "మాట వినని పేషెంటు" అనడం సరికాదు.

లెక్క కోసం ఒక రిటైర్డ్ టీచరమ్మను ఊహించుకుందాం. వయసు 68. షుగరు, బీపీ, థైరాయిడ్, అరిగిన మోకాళ్లు. చిన్నప్పుడు నేర్చుకుని పెళ్లయ్యాక వదిలేసిన హార్మోనియం ఈమధ్యే మళ్లీ పట్టారు. రోజూ నడక 40 నిమిషాలు, మోకాళ్ల వ్యాయామం రెండు పూటలా కలిపి 30, షుగరు, బీపీ చూసి పుస్తకంలో రాసుకోవడం 10, మాత్రలు సర్దుకుని వేసుకోవడం 10, తనకోసం వేరుగా వండుకోవడం 30. మొత్తం రెండు గంటలు. ఏడాదికి 730 గంటలు. హార్మోనియానికి రోజుకు ముప్పావు గంట అనుకుంటే ఏడాదికి దాదాపు 274 గంటలు.

అంకెలు చూస్తే రెండూ హాయిగా పట్టాలి. మేలుకుని ఉండేది పదిహేను, పదహారు గంటలు కదా. కానీ ఆ రెండు గంటలూ ఒకచోట లేవు. అయిదున్నరకు థైరాయిడ్ మాత్ర. దానికీ కాఫీకీ మధ్య అరగంట నుంచి గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర దానికి నాలుగు గంటలైనా దూరంగా ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ టిఫినుతో పాటో కాస్త ముందో, మెట్‌ఫార్మిన్ తిన్నాక. కొలెస్ట్రాల్ మాత్ర రాత్రికి. అలా రెండు గంటల పని ఎనిమిది తొమ్మిది ముక్కలై రోజంతా పరుచుకుంటుంది. ఆమెకు కరువైంది టైము కాదు, తెంపు లేని టైము. సరళీ వరసలకు పది నిమిషాలు చాలు. ఒక కీర్తన పల్లవి నుంచి చరణం దాకా చేతికి ఎక్కాలంటే మాత్రం మధ్యలో ఎవరూ పిలవని ముప్పావు గంట కావాలి. వ్యాయామాన్ని నడక పక్కకు, వంటను మధ్యాహ్నానికి జరిపితే తొమ్మిదింబావు నుంచి పదకొండు దాకా ఖాళీ తేలింది. మాత్ర ఒక్కటీ తగ్గలేదు.

ఇక ఆసుపత్రి రోజులు. షుగరు డాక్టరు దగ్గరికి మూడు నెలలకోసారి 4 రోజులు, ముందు రోజు రక్తం ఇవ్వడానికి ఇంకో 4, ఎముకల డాక్టరు 3, కంటి రెటీనా పరీక్ష 1, పళ్లు 1, ఫిజియోథెరపీ 10. మొత్తం 23. రక్తం ఇంటికొచ్చి తీసుకునే ఏర్పాటు ఉంటే 19. అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ లెక్కలు చూసి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 65 దాటినవాళ్లు సగటున ఏడాదికి దాదాపు 21 రోజులు ఏదో ఒక వైద్యం కోసం ఇల్లు కదులుతున్నారని తేలింది. మన ఊహ టీచరమ్మ దానికి దగ్గర్లోనే ఉన్నారు. తేడా ఏమిటంటే, మండల కేంద్రం నుంచి హైదరాబాదుకో విశాఖకో బస్సెక్కే మనిషికి ఒక ఆసుపత్రి రోజు అంటే వెళ్లేముందు సర్దుకునే సాయంత్రం, వచ్చాక నడుం వాల్చే మర్నాడు కూడా. తోడు వచ్చే కొడుకో కోడలో పెట్టే సెలవు దానికి అదనం.

హార్మోనియం వాయిస్తే మతిమరుపు రాదా?

డిమెన్షియా అంటే వయసుతో పాటు సహజంగా వచ్చే చిన్నచిన్న మరపులు కావు. జ్ఞాపకం, ఆలోచన, మాట రోజువారీ పనులకు అడ్డం వచ్చేంతగా దెబ్బతినే స్థితి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, ఇది ఉందని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం అంచనా. భయం ఉట్టిది కాదు. అందుకే "పాట పాడితే రాదు" అనే ఫార్వర్డుకు అంత గిరాకీ.

దాని వెనక నిజమైన పరిశోధనే ఉంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని కొన్నేళ్లు గమనించి 2003లో ఫలితాలు ప్రచురించారు. చదవడం, చదరంగం లాంటి బోర్డు ఆటలు, వాయిద్యం వాయించడం, నాట్యం చేసే అలవాటున్నవాళ్లలో డిమెన్షియా తక్కువగా కనబడింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఇంకో ఆసక్తికరమైన సంగతి చెప్పింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి మాట్లాడే ఊళ్లో కాబట్టే ఆ పరిశీలన సాధ్యమైంది. వేరే దేశాల్లో ప్రతిసారీ ఇదే ఫలితం రాలేదనేదీ గుర్తుంచుకోవాలి.

దీన్ని వివరించడానికి "మెదడు నిల్వ" అనే భావన వాడతారు. ప్రధాన రోడ్డు మూసేస్తే సందుల గుండా తిప్పుకుని వెళ్లగలిగే ఊరు ఆగిపోదు, ఒకటే రోడ్డున్న ఊరు ఆగిపోతుంది. చదువు, భాషలు, వాయిద్యం మెదడులో అలాంటి సందులు వేస్తాయని, జబ్బు లోపల మొదలైనా పైకి లక్షణాలు కనబడటం ఆలస్యమవుతుందని వాదన. గమనించండి, జబ్బు రాదని కాదు.

ఇక ఎదుటి పక్షం. లండన్‌లో ప్రభుత్వోద్యోగులపై దశాబ్దాలుగా సాగుతున్న వైట్‌హాల్ అధ్యయనంలో 8,280 మందిని సగటున 18 ఏళ్లు గమనించారు. 2020లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం యాభైల్లో ఉన్న వ్యాపకాలకూ తర్వాత వచ్చిన డిమెన్షియాకూ సంబంధం కనబడలేదు. కనబడిందల్లా, జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందు నుంచే వ్యాపకాలు తగ్గుతూ వచ్చాయని. అంటే వ్యాపకం లేక జబ్బు రాలేదు, జబ్బు లోపల మొదలై వ్యాపకాన్ని తినేసింది. దీన్ని తిరగబడ్డ కారణం అంటారు. ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి. డెబ్బై ఆరో ఏట ఒకాయన రోజూ వేణువు వాయిస్తున్నారు, రెండో ఆయన రెండేళ్ల కిందట మానేశారు. ఎనభైలో రెండో ఆయనకు డిమెన్షియా తేలింది. డెబ్బై ఆరు నుంచి చూసినవాళ్లకు వేణువు కాపాడినట్టు కనబడుతుంది. అరవై నుంచి చూసినవాళ్లకు ఇద్దరూ వేణువు వాయించినవాళ్లే.

ఈ చిక్కు తీరాలంటే కొత్త పనిని కొందరికి అప్పగించి, కొందరికి అప్పగించకుండా పోల్చాలి. డాలస్‌లో డెనిస్ పార్క్ బృందం 221 మంది పెద్దవాళ్లతో అలాగే చేసి 2014లో ప్రచురించింది. కొందరికి డిజిటల్ ఫోటోగ్రఫీ, కొందరికి బొంత కుట్టడం, కొందరికి రెండూ కొత్తగా నేర్పారు. ఇంకొందరిని ఊరికే కబుర్లు, షికార్ల బృందంలో పెట్టారు. మూడు నెలల తర్వాత కొత్త పని నేర్చుకున్నవాళ్లు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగయ్యారు, అందులోనూ ఫోటోగ్రఫీ నేర్చినవాళ్లు ఎక్కువగా. కాకపోతే వాళ్లు వారానికి పదిహేను గంటలకు పైగా పనిచేశారు. రోజుకు రెండు గంటల చిల్లర. మన టీచరమ్మ జబ్బులకు ఖర్చుపెడుతున్నంత. పైగా పరీక్షలో మార్కులు పెరగడం వేరు, జబ్బు ఆగడం వేరు.

ఇలాంటి చర్చల్లో మనవాళ్లు శ్రీపాద పినాకపాణి గారి పేరు తప్పక తెస్తారు. వైద్య కళాశాలలో ప్రొఫెసరు, కర్ణాటక సంగీతంలో గురువులకు గురువు, నేదునూరి కృష్ణమూర్తి లాంటివారికి పాఠం చెప్పినవారు, 99 ఏళ్లు బతికినవారు. గొప్ప జీవితమే. కానీ ఒక్కరి ఆయుష్షు చూసి సంగీతానికి వైద్య గుణం అంటగట్టడం ఆ డాక్టరు గారికే నచ్చేది కాదేమో.

మనసు సంగతికొస్తే సాక్ష్యం కొంచెం గట్టిది. 16 దేశాల్లో 65 దాటిన 93,263 మంది వివరాలు కలిపి చూసిన 2023 నాటి పరిశీలనలో, వ్యాపకం ఉన్నవాళ్లలో దిగులు లక్షణాలు తక్కువ, సంతోషం, తృప్తి ఎక్కువ అని తేలింది. ఇదీ గమనించి చెప్పిందే తప్ప కారణాన్ని పూర్తిగా రుజువు చేసింది కాదు. అయినా ఇన్ని దేశాల్లో ఒకే దిశలో కనబడటం చిన్న విషయం కాదు. కాబట్టి వ్యాపకాన్ని మందు చీటీలో మందులా రాయడానికి చాలినంత సాక్ష్యం లేదు, దండగ పని అని కొట్టిపారేయడానికి అసలే లేదు.

మాత్ర, కళ్లజోడు, చెవి మిషను: రోజువారీ చిక్కులు

వ్యాపకమా, వైద్యమా అనే వాదన గాలిలో జరిగినంతసేపూ తెగదు. చేతికీ కంటికీ దగ్గరగా వెళ్తే ఎక్కువ తగాదాలు చిన్నచిన్న కొలతల దగ్గర ఉంటాయి.

టీచరమ్మకు హార్మోనియం మీద పాటల పుస్తకం మసకగా కనబడుతోంది. చత్వారం జోడు కొత్తదే, శుక్లాలు తీయించుకుని ఏడాదే అయింది. మరెందుకు? చదివే జోడు మామూలుగా 35, 40 సెంటీమీటర్ల దూరానికి ఇస్తారు. హార్మోనియం ముందు కూర్చుంటే ఎడమ చేయి తిత్తి మీద, కుడి చేయి మెట్ల మీద ఉంటాయి, పుస్తకం పెట్టెకు అవతల నిలబడి ఉంటుంది. కంటికీ పుస్తకానికీ మధ్య టేపు పెడితే 60, 70 సెంటీమీటర్లు వస్తుంది. దగ్గరి చూపుకు అది దూరం, దూరపు చూపుకు అది దగ్గర. శుక్లం ఆపరేషనులో దూరపు చూపుకు సరిపోయే మామూలు లెన్సు పెట్టినవాళ్లకు ఇది ఇంకా తెలుస్తుంది. ఆ మధ్య దూరానికి వేరే జోడు రాయడం కంటి డాక్టరుకు పెద్ద పనేమీ కాదు. కానీ "అక్షరాలు కనబడుతున్నాయా?" అని డాక్టరు అడిగితే ఆవిడ "కనబడుతున్నాయండీ" అంటారు. ఎంత దూరంలో అనే మాటే రాలేదు. వెలుతురు ఇంకో సంగతి. అరవై ఏళ్ల కంటి తెర మీద పడే వెలుగు ఇరవై ఏళ్లవారితో పోలిస్తే సుమారు మూడో వంతే. సాయంత్రం పూట క్రోషియా అల్లలేకపోవడం ప్రతిసారీ కంటి జబ్బు కానక్కర్లేదు, బల్బు చాలకపోవచ్చు.

చెవి మిషనుది మరీ చిత్రం. మిషన్లు ముందుగా మాట కోసం తయారైనవి. కూ... అని ఈల వేయకుండా ఉండటానికి వాటిలో ఒక ఏర్పాటు ఉంటుంది. ఆగకుండా ఒకే స్థాయిలో సాగే నాదం వినబడితే అది తన ఈలే అనుకుని మిషను దాన్ని నొక్కేయవచ్చు. తంబూర శ్రుతి సరిగ్గా అలాంటి నాదమే. మిషను పెట్టుకున్నాక శ్రుతి కదులుతున్నట్టుంది అని పెద్దాయన అంటే ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు, ఆయన మిషను తీసి డబ్బాలో పెట్టేస్తారు. చాలా మిషన్లలో సంగీతానికి వేరే సెట్టింగు పెట్టే వీలుంటుంది, వినికిడి నిపుణుణ్ని, అంటే ఆడియాలజిస్టును, అడిగితే. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డిమెన్షియాపై లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024 నివేదిక మార్చగలిగిన ముప్పుల్లో వినికిడి లోపాన్ని పెద్దవాటిలో ఒకటిగా చెప్పింది. పాట కోసం మిషను చెవికి ఉంటే, ఆ పాట వైద్యానికి సాయం చేసినట్టే.

మాత్రల సంగతి ప్రమాదంతో కూడినది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగరు మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటివో ఇన్సులినో వాడేవాళ్లకు అలా కాదు. ఏకాదశి రోజు లెక్క చూడండి. పొద్దున అలవాటుగా మాత్ర వేసుకున్నారు, ఉపవాసం కాబట్టి పళ్లు, పాలు మాత్రమే. సాయంత్రం గుడికి నడిచి వెళ్లి రెండు గంటలు భజన. షుగరు 70 కిందికి జారితే చెమటలు, వణుకు, గుండె దడ, తికమక. బీపీకో గుండెకో ఇచ్చే బీటా బ్లాకర్ రకం మాత్రలు కూడా వాడుతుంటే వణుకు, దడ బయటికి తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. పక్కవాళ్లు "భక్తిలో మునిగిపోయారు" అనుకునే ప్రమాదం ఉంది. తప్పు భజనది కాదు. ఆ రోజు మాత్ర ఎంత అనే ప్రశ్న ముందే డాక్టరు దాకా వెళ్లలేదు, అంతే.

బీపీది ఇంకో రకం. కూర్చున్నప్పుడు 130/80 ఉన్న మనిషి లేచిన మూడు నిమిషాల్లో 104/68కి దిగితే, పై అంకె 26, కింది అంకె 12 తగ్గినట్టు. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితేనే నిలబడితే బీపీ పడిపోవడంగా లెక్క. ముగ్గు వేసి లేచేటప్పుడు, గంట సేపు కింద కూర్చుని వాయించి లేచేటప్పుడు కళ్లు తిరగడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ఆసుపత్రిలో మాత్రం కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారే చూస్తారు. అయిదు, అంతకన్నా ఎక్కువ రకాల మందులు వాడేవాళ్లలో ఇలాంటి మెలికలు ఎక్కువ. అందుకే పెద్దల వైద్యంలో ఏ మందు తగ్గించవచ్చో చూడటం కూడా చికిత్సలో భాగమే.

మిద్దె తోట ఉన్నవాళ్లకు ఒక్క మాట. షుగరు వల్ల పాదాల నరాలు మొద్దుబారితే ముల్లు దిగినా తెలియదు. సిమెంటు మిద్దె మీద మే నెల ఎండ పాదాన్ని కాల్చినా తెలియదు. చెప్పుల్లేకుండా తోటలో తిరిగే అలవాటు అక్కడే పుండు దాకా తెస్తుంది.

షుగరు ఏడు లోపే ఉండాలా? ఇంట్లో గొడవ, డాక్టర్లలో తేడా

పిల్లల వాదన మనకు తెలుసు. "నాన్నా, ముందు ఆరోగ్యం, అది బాగుంటే ఏదైనా చేసుకోవచ్చు." తప్పేం కాదు. పక్షవాతం వచ్చాక కుంచె పట్టడం ఎంత కష్టమో చూసినవాళ్లకు ఇది ఉత్త భయంగా అనిపించదు. పెద్దాయన వాదన కూడా వినాలి. "ఆరోగ్యం బాగుచేసుకుని ఏం చేయాలిరా? అది చేసుకోనిమ్మంటున్నా."

ఇది ఇంట్లో మాటే కాదు, వైద్యశాస్త్రంలోనూ ఉన్న చర్చే. కట్టుదిట్టంగా ఉంచాలనేవాళ్లు స్ప్రింట్ అనే పరీక్షను చూపిస్తారు. అందులో 75 దాటిన 2,636 మందిలో పై బీపీని 120 లోపు ఉంచాలని చూసిన వర్గంలో గుండె జబ్బులు, మరణాలు 140 లక్ష్యంగా పెట్టుకున్న వర్గం కన్నా తగ్గాయి. షుగరున్నవాళ్లను ఆ పరీక్షలో చేర్చుకోలేదు కాబట్టి మన టీచరమ్మకు దాన్ని నేరుగా వర్తింపజేయలేం. సడలింపు కోరేవాళ్లు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలను చూపిస్తారు. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు మూడు నెలల సగటు షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 7 నుంచి 7.5 లోపు ఉంటే బాగు. పలు దీర్ఘకాలిక జబ్బులు కలిసి ఉన్నవాళ్లకు 8 లోపు అయినా చాలు. కారణం, వయసు పెరిగేకొద్దీ ఇప్పటికిప్పుడు షుగరు పడిపోయే ప్రమాదం, పదేళ్ల తర్వాత వచ్చే లాభం కన్నా బరువైనది.

ఇక్కడే వ్యాపకం వైద్యానికి పనికొచ్చే సమాచారం అవుతుంది. 7.6 ఉన్న మనిషికి ఇంకో మాత్ర కలపాలా వద్దా అనేది సగం ఆ మనిషి సాయంత్రాలు ఎలా గడుపుతారు అనే దాని మీద ఆధారపడుతుంది. వారానికి మూడు రోజులు కోలాటం ఆడేవారికీ, మంచం దిగనివారికీ ఒకే మాత్ర ఒకేలా పనిచేయదు. నా మటుకు, ఓపీ గదిలోని అయిదు నిమిషాల్లో "మీరు రోజూ ఏం చేస్తారు?" అనే ప్రశ్నకు ఒక నిమిషం పోయినా నష్టం లేదు. డాక్టరు అడగకపోతే చెప్పుకునే హక్కు పేషెంటుకు ఎటూ ఉంది.

ఇంగ్లండులో దీన్ని ఒక ఏర్పాటుగానే చేశారు. 2019 నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, ఒంటరితనమో దిగులో ఉన్నవాళ్లను పాటల బృందానికో తోటపని బృందానికో జతచేసే ఉద్యోగులను కుటుంబ వైద్యుల క్లినిక్కుల్లో విస్తృతంగా పెట్టింది. మన ఊళ్లలో ఆ పని గుడి భజన మండలి, పెన్షనర్ల సంఘం, పార్కులో నడక గుంపు జీతం లేకుండా చేస్తున్నాయి. ఆసుపత్రికీ వాటికీ మాట కలవలేదు, అంతే తేడా.

కార్డు ఉంది కదా, ఖర్చేముంది?

డెబ్బై దాటినవాళ్ల ఆయుష్మాన్ కార్డు కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఇస్తుంది, కానీ ఆసుపత్రిలో చేరిన చికిత్సకు. నెలనెలా మందుల షాపులో పెట్టే ఖర్చు, ఓపీ ఫీజు, కళ్లజోడు, ఇంటి దగ్గర ఫిజియోథెరపీ దాని కిందికి రావు. పెన్షను మీద బతికేవాళ్ల ఇంట్లో కోత పడేది సాధారణంగా వ్యాపకం మీదే. సంగీతం మాస్టారి ఫీజు ముందు ఆగుతుంది, రంగుల డబ్బాలు తర్వాత. మందుల ఖర్చు ఎక్కువైనచోట జన ఔషధి దుకాణంలో అదే మందు చవకగా దొరుకుతుందేమో చూసుకున్న కుటుంబాల్లో ఆ ఫీజు బతికి బట్టకట్టిన సందర్భాలూ ఉంటాయి.

పిల్లల దగ్గర అమెరికాలో ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రుల లెక్క ఇంకోలా ఉంటుంది. సందర్శకుల బీమాలు చాలావరకు పాత జబ్బులకు మామూలు చికిత్స ఇవ్వవు, అవి ఉన్నట్టుండి ముదిరితే మాత్రం కొన్ని ఇస్తాయి. అందుకని ఆరు నెలల మాత్రలతో సూట్‌కేసు నిండుతుంది, హార్మోనియం ఇంట్లోనే ఉండిపోతుంది. చలికాలం, కారు లేనిదే కదలలేని వీధి, పగలంతా ఖాళీ ఇల్లు. ఆన్‌లైనులో పాఠం చెప్పే గురువుతో టైము కుదుర్చుకుని, ఫోన్లో శ్రుతి పెట్టుకుని పాడుకునే అమ్మమ్మలు ఇప్పుడు తక్కువేం కాదు. ఇండియాలో పొద్దున ఆరు అంటే వాళ్లకు ముందు రోజు సాయంత్రం. మాత్ర వేళలు కూడా ఆ తేడాకు తగ్గట్టు మారాలి, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లవి.

ఇష్టమైన పని ఉన్నట్టుండి మానేస్తే

పెద్దవాళ్లలో దిగులును కొలవడానికి డాక్టర్లు వాడే ఒక ప్రశ్నావళి ఉంది, 1980ల నుంచి వాడుకలో ఉన్నది. అందులో మొదట్లోనే వచ్చే ప్రశ్న: మీ పనులూ ఆసక్తులూ చాలావరకు వదిలేశారా? పెద్దవయసులో డిప్రెషన్ ఏడుపుగా బయటపడకపోవచ్చు. "ఓపిక లేదు", "ఇప్పుడవన్నీ ఎందుకులే" అనే మాటల్లో దాక్కుంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని వైరాగ్యం అనుకుని గౌరవిస్తారు కూడా.

అదే మాట వెనక వేరే కారణాలూ ఉండవచ్చు. థైరాయిడ్ మందు చాలకపోతే నీరసం. బీ12 తగ్గినా అంతే, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో అది తగ్గడం కొత్త కాదు. నిద్ర కోసమో దురద కోసమో వేసుకునే కొన్ని మాత్రలు మర్నాటి దాకా మత్తుగా ఉంచుతాయి. వినికిడి తగ్గితే భజనకు వెళ్లడం సిగ్గనిపిస్తుంది. బొటనవేలి మొదలు కీలు అరిగితే సూది పట్టడం నరకం. డిమెన్షియా మొదలవుతుంటే అల్లికలో వరస లెక్క తప్పుతుంది, తెలిసిన పాటలో చరణం దొరకదు, నలుగురిలో పరువు పోతుందని మనిషి వెనక్కి తగ్గుతారు.

పైకి ఒకేలా కనిపించే ఈ మానేయడాల్లో థైరాయిడ్, బీ12, మత్తు మాత్రలు, చెవి, వేలు, డిప్రెషన్ చాలావరకు చికిత్సకు లొంగేవే, మొదటి రెండూ మామూలు రక్త పరీక్షల్లో తేలిపోతాయి. డిమెన్షియా అనే అనుమానం ఉంటే నరాల డాక్టరు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తారు. మనసు సంగతి ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. పెన్షను, ఇంట్లో ఇబ్బందులు, వృద్ధుల చట్టం కింద సాయం లాంటి వాటికి ఎల్డర్ లైన్ 14567.